మంచం కింది ఇనుము

పాలమూరు, 1939 జూన్ 4, ఆదివారం

ముందుగా నా రాతకు క్షమించాలి. ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియదు. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు. అయినా కాగితం ముందు కూర్చుంటే లీలమ్మ టీచరుగారు వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. ఒత్తులు మరిచిపోతాను. వరసలు మెట్టెక్కినట్టు పైకి పోతాయి. మిషన్ బడిలో నాలుగో తరగతితో మాన్పించారు. నా పెళ్ళికి టీచరుగారు ఈ పుస్తకమూ ఒక పెన్సిలూ ఇచ్చి, "జానమ్మా, నువ్వు నోటితో మాట్లాడవు, చేత్తోనైనా మాట్లాడు" అన్నారు. పెళ్ళయి ఏడాది దాటింది. ఇవాళ మొదలుపెడుతున్నాను.

చెప్పుకోవలసినంత సంగతి ఏమీ లేదు. ఆయన ఇంకా మొహాలు కనబడని వేళే లేచి బయటికి వెళ్తున్నాడు. అంతే. సడకులు వేయించే ఇంజనీరు సాబు బంగళాలో తోట చూసే మాలీ పని ఆయనది. బంగళా వెనక బీడులో సాబు గోల్ఫు ఆడతాడు. ఆ బీడును చూసుకోవడమూ ఈయన పనే. పనివాడు పొద్దున్నే పనికి పోవడంలో వింతేముంది? కాని ఎండలకు బంగళాలో మొక్కలన్నీ మాడిపోయాయని ఆయనే చెప్పాడు. మాడిపోయిన మొక్కలకు అంత పొద్దున్నే ఏం పని?

నెలాఖరుకు మా బాపు కోస్గి నుంచి బండి కట్టుకొని వస్తాడు. తొలి కాన్పు పుట్టింట్లోనే. బిడ్డకు మూడో నెల వచ్చేదాకా అక్కడే ఉండాలి. అన్నాళ్ళూ ఆయన ఇక్కడ ఒక్కడే. నేను బండి ఎక్కేలోపు నాకు తెలియాలి.

ఏం తెలియాలో రాయను.

జూన్ 6

అన్నం పెడుతుంటే అరచేతులు చూశాను. బొబ్బలు.

"గివేంది?" అన్నాను.

"పార" అన్నాడు.

నేనూ పార పట్టిన దాన్నే. పార బొబ్బలు వేళ్ళ మొదట్లో లేస్తాయి. ఈయనకు ఎడమచేతి బొటనవేలి లోపలి పక్క తోలు లేచిపోయింది. పార ఎవరూ అట్లా పట్టరు. ఇంకా చూద్దామంటే అత్తమ్మ పొయ్యి దగ్గరి నుంచి కేకేసింది. "మొగని చేతులు చూసుకుంట కూసుంటే కూర మాడుతాంది పిల్లా! చేతులేడికి పోవు."

ఆయన నవ్వాడు. చేతులు మాత్రం మూసుకున్నాడు.

నాకు అనుమానమేమీ లేదు.

జూన్ 8

మిరుగం కార్తె తొలి వాన పడింది. వానలో కూడా వెళ్ళాడు.

జూన్ 9

పెట్టె తెరిచాను. మా అమ్మ ఎర్ర చీర, బాగా మెత్తబడిపోయింది, బిడ్డకు పొత్తిగుడ్డలు చేసుకొమ్మని ఇచ్చింది. దాని కొంగు చివర లేదు. బెత్తెడు వెడల్పున, అంచు వెంట, తిన్నగా కోసి తీశారు.

ఆయన్ని అడిగాను. "ఎలుక గొట్టిందేమో" అన్నాడు. ఎలుక అంత తిన్నగా కొరకదు. ఆ మాట నేను అనలేదు. చీర మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టాను. మూత వేసి, వేశానో లేదోనని మళ్ళీ వచ్చి చూశాను. ఒక్కపొద్దు ఉన్నందుకు అయ్యుంటుంది.

అత్తమ్మకు చెప్పలేదు.

జూన్ 11, ఆదివారం

మిషన్ గుడిలో ప్రార్థన అయ్యాక నీళ్ళకు వెళ్ళాను. బాయి దగ్గర సైదమ్మ కలిసింది. బీడుకు ఆ చివర, ముళ్ళకంచె లోపల ఆమె గుడిసె. మొగుడు పాము కరిచి పోయాడు. పిల్లలు లేరు. మేకలు కాచుకుంటుంది. వాడలో కొందరు ఆమె చేతి నీళ్ళు తాగరు, ఆమె చూపు మంచిది కాదని. మా అత్తమ్మ ఆమె ఎదురొస్తే ఉమ్మి దాటుతుంది. నాకు అటువంటివి లేవు. చూపులూ మంత్రాలూ ఉత్తవని లీలమ్మ టీచరుగారు చెప్పారు.

సైదమ్మ కడవ ఎత్తుకుంటూ నా కడుపు వంక చూసి నవ్వింది. "ఏం పిల్లా, నీ మొగడు పొద్దుగాల్నే ఖాళీ కడుపుతోని వస్తడు. జర ఇంత అంబలి పోస్తున్న. నువ్వేం ఫికర్ జెయ్యకు."

దాచుకునే వాళ్ళు ఇట్లా చెబుతారా? చెప్పరు. లేకపోతే, నేను ఏమీ అనలేనని తెలిసి చెప్పిందా? ఆమె ఆయన కంటే పెద్దది. కాని నడుము సన్నం. కడవ మీద చెయ్యి కూడా వెయ్యకుండా నడుస్తుంది.

అంబలి సంగతి ఆయన నాకు ఒక్కనాడూ చెప్పలేదు.

జూన్ 13

పేడకు పోతున్నానని అత్తమ్మకు చెప్పి గంప పట్టుకొని బీడు వైపు వెళ్ళాను. తూర్పు ఎర్రబడుతున్నది.

మొదట కంపకు ఎర్ర పేలిక కనబడింది. దగ్గరికి పోయి పట్టుకున్నాను. మా అమ్మ చీర అంచు. ముడి గట్టిగా వేసి ఉంది. ఇంకొంచెం దూరంలో తుమ్మకు ఇంకొకటి. అంతకంటే దూరంలో ఇంకొకటి, సైదమ్మ కంచెకే.

ఆయన సైదమ్మ గుడిసె పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె పక్కనే. ఆయన చేతిలో గోనెపట్టా చుట్టిన పొడుగాటిది ఏదో. ఆమె చెయ్యి చాచి దూరంగా ఏదో చూపిస్తున్నది. ఆయన చూసి నవ్వాడు. ఆమె ఇంకా పెద్దగా నవ్వింది. ఇంట్లో ఆయన అట్లా నవ్వగా నేను చూడలేదు.

గంప ఖాళీగానే తెచ్చాను. "పేడేది?" అంది అత్తమ్మ. దొరకలేదన్నాను.

బిడ్డ పొత్తిగుడ్డ ఆమె కంచె మీద.

జూన్ 14

ఈ పొద్దు అత్తమ్మ పెట్టె సర్దుతూ చీర చూసింది. చూసి ఒక్కసారి కింద కూలబడింది.

"అయ్యో! కడుపుతోనున్న దాని బట్ట గోసిన్రే! బాణామతి జేసిన్రే!"

చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురూ వచ్చారు. కట్టుబట్ట కోసి మంత్రిస్తే కడుపు నిలవదట, పేలికను ముళ్ళకు కడితే బిడ్డకు ముళ్ళు గుచ్చుకుంటాయట. అత్తమ్మ గుడికీ వస్తుంది, ఎల్లమ్మకు కల్లూ పోస్తుంది. ఆమెకు రెండూ ఒకటే. నా భుజాలు పట్టుకొని అడిగింది. "బిడ్డా, ఆ పేలికలు ఏడనన్న జూసినవా?"

ఎలుక కొట్టిందని చెప్పవచ్చు. ఆయన కోశాడేమోనని చెప్పవచ్చు.

బీడులో చూశాను, కంచె దగ్గర, అన్నాను. ఎవరి పేరూ చెప్పలేదు. కంచె అన్నాను, అంతే. బీడులో కంచె ఒక్కటే ఉంటే అది నా తప్పా?

తర్వాత అత్తమ్మ, మంత్రం తగలకుండా నా పడక దగ్గర ఇనుము పెట్టాలంది. కొడవలి పక్కింటివాళ్ళు తీసుకుపోయి ఇంకా తేలేదు. చూరంతా వెతికి గోనెపట్టా చుట్టిన పొడుగాటిది ఒకటి లాగింది. "గిదేందో ఇనుమే, బరువున్నది, ఇది సాలు" అని నా మంచం కింద పెట్టింది.

ఆమె పోయాక పట్టా విప్పాను. సన్నని ఇనుప కడ్డీ. పైన చేతిపట్టుకు తోలు చుట్టి ఉంది. కింద ఒక పక్కకు వంగిన ఇనుప రేకు, దాని ముఖాన గీతలు. నాకు తెలుసు అదేమిటో. ఆయనకు సద్ది తీసుకుపోయిన నాడు దూరం నుంచి చూశాను. సాబు ఆట కట్టె. సంచి నిండా ఉంటాయి. ఇది మాత్రం కొత్తది, తళతళలాడుతున్నది.

సాబు కట్టె మా చూరులో ఎందుకుంది?

సాబు ఊళ్ళో లేడు, క్యాంపులో ఉన్నాడు. ఈయన దొంగిలించాడు. ఇద్దరూ కలిసే. రేపో మాపో అమ్ముకొని, నేను కోస్గిలో ఉండగా, ఇద్దరూ...

జూన్ 15

ఆయన ఈ పొద్దు చూరంతా చెయ్యి పెట్టి చూశాడు. కడవల వెనక చూశాడు. కట్టెల మోపు విప్పి చూశాడు. నేను జొన్నలు చెరుగుతూ కూర్చున్నాను.

"ఏం దేవులాడుతున్నవ్?"

"ఏం లేదు."

"ఏం లేనిదాన్ని దేవులాడుతరా?"

అంత మాట నేను ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఆయన నా మొహం వంక చూశాడు. నేను చాటలోకి చూశాను. మంచం కింద అత్తమ్మ పాత గొంగడి కప్పి ఉంచింది. అక్కడ చూడడానికి ఆయనకు తోచలేదు.

సాయంత్రం బంగళా బట్లరు దశరథం వాడలోకి వచ్చాడు. తెల్ల కోటు, తలపాగా. సాబు కొత్త కట్టె కనబడ్తలేదు, ఎవరన్నా చూశారా అని ఇల్లిల్లూ అడిగాడు. "సాబు క్యాంపుకెల్లి రాంగనే పోలీసులకు జెప్తడు. దొరికినోనికి తోలు తీస్తరు." మా వాకిట్లో నిలబడి ఆయన్నే చూస్తూ అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

నేను కూడా ఊపాను.

జూన్ 17, శనివారం

నిన్న ఏమీ రాయలేదు. ఇవాళ జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున బాయికి పోయిన సైదమ్మను ఆడవాళ్ళు జుట్టు పట్టి తెచ్చారు. వాడ చివర, బీడు మొదట్లో, పెద్దమనిషి బక్కయ్య ఇంటి ముందు కూర్చోబెట్టారు. ఒకాయన పటకారు తెచ్చాడు. బాణామతి చేసినదాని పళ్ళు పీకుతారు. పళ్ళు లేకపోతే మంత్రం నోట్లో పలకదట. మా అత్తమ్మ గుండెలు బాదుకుంటున్నది. నన్ను పీట మీద కూర్చోబెట్టారు, నాకోసమే ఇదంతా అన్నట్టు. దశరథం కూడా తమాషా చూడడానికి వచ్చి చెట్టు కింద బీడీ ముట్టించాడు.

"బట్ట ఎందుకు గోసినవే?" అన్నాడు బక్కయ్య.

"నేను కొయ్యలే."

"నీ కంచెకెట్ల అచ్చింది మరి? రెక్కలొచ్చినయా?"

సైదమ్మ పెదవి చిట్లి రక్తం కారుతున్నది. అయినా తల ఎత్తి చెప్పింది. "నన్నెందుకు అడుగుతవ్ తాతా? కట్టినోడు గక్కడ నిలవడ్డడు, వాణ్ణి అడుగు. ఈ పిల్ల మొగడు పెద్దులే కట్టిండు. సాబు ఆట గుండును కట్టెతోని కొట్టుకుంట, గుండు ఏడ పడ్తదో గుర్తుకు బట్ట కట్టిండు. నా కండ్లు మంచిగుంటయని గుండు పడ్డ జాగ చెప్పుమన్నడు. చెప్పిన. గంతే."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన గుంపు వెనక నిలబడి ఉన్నాడు.

"ఏందిరా పెద్దులు? నిజమేనా?"

ఆయన మాట్లాడలేదు. చెట్టు కింద ఉన్న దశరథం వంక ఒకసారి చూసి, తన కాలి వేళ్ళు చూసుకున్నాడు. బక్కయ్య మళ్ళీ అడిగాడు. ఆయన మాట్లాడలేదు.

"చూసిన్రా?" అన్నారెవరో. "అబద్ధమాడుతాంది లంజె. పట్టుకోండి తల."

పటకారు పట్టుకున్నతను ముందుకు వచ్చాడు.

అప్పుడు నాకు అన్నీ ఒకచోటికి వచ్చాయి. బొబ్బలు, పేలికలు, చెయ్యి చాచి చూపడం, చూరులో కట్టె. సైదమ్మ చెప్పినట్టయితేనే అన్నీ కుదురుతున్నాయి. నేను అనుకున్నట్టయితే ఏదో ఒకటి మిగిలిపోతున్నది. కాని ఆ కట్టె బయటికి తెస్తే దశరథం ముందే ఆయన దొంగ అవుతాడు. తేకపోతే ఆమె పళ్ళు పోతాయి.

ఆయన ఇంకా కాలి వేళ్ళే చూసుకుంటున్నాడు.

లేచాను. ఎక్కడికని అత్తమ్మ అడిగింది. ఇంట్లోకి పోయి గొంగడి తీసి కట్టె తెచ్చాను. గుంపు మధ్యకు పోయి పట్టా విప్పి నేల మీద పెట్టాను. మగవాళ్ళ ముందు నేను ఎన్నడూ మాట్లాడలేదు. ఏ గొంతుతో మాట్లాడానో తెలియదు.

"గిది మా ఇంట్ల ఉన్నది. నా మంచం కింద. మా అత్త ఇనుమని పెట్టింది. బట్ట గోసింది సైదమ్మ కాదు."

దశరథం బీడీ కింద పడేశాడు. "అగో! దొంగ దొరికిండు!"

ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ చూపు ఎట్లాంటిదో రాయలేను. నేను కట్టె తీసి ఆయన చేతికి ఇచ్చాను. "కొట్టి చూపియ్యి" అన్నాను.

సైదమ్మ నడుముకు కట్టుకున్న సంచిలోంచి తెల్లటి గుండు ఒకటి తీసి ఆయన కాళ్ళ ముందుకు దొర్లించింది. "పొద్దుగాల కంపల దొరికింది. కొట్టురా."

గుండు మొరం మీద ఆగింది. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. బొటనవేలు కడ్డీ మీద, తోలు లేచిన చోటే, ఆనించాడు. కట్టెను వెనక్కి ఎత్తి, మెల్లగా ఎత్తి, ఒక్కసారి తిప్పాడు. మొరం చిట్లిన చప్పుడు. గుండు ముందు నేల బారునే పోయి, తర్వాత పైకి లేచింది. అందరి తలలూ దానితో పాటు లేచాయి. మొదటి పేలిక దాటింది, తుమ్మ దాటింది, సైదమ్మ కంచె ముందు పడి, ఎగిరి, ఎర్ర పేలిక కింద ఆగింది.

"మల్లొకసారి" అన్నాడు బక్కయ్య, పిల్లవాడిలాగ.

పటకారు తెచ్చినతను ఎప్పుడు వెళ్ళిపోయాడో చూడలేదు. సైదమ్మ లేచి జుట్టు ముడి వేసుకొని వెళ్ళిపోయింది. నా పక్క నుంచే వెళ్ళింది. చూడలేదు.

జూన్ 18, ఆదివారం

గుడికి పోలేదు. ఆయన గోడకు ఆనుకొని చెప్పాడు, నేను విన్నాను.

"ఆటకు కొత్త కానూన్ అచ్చిందట. సంచిల పద్నాలుగు కట్టెలకన్న ఎక్కువ ఉండొద్దట. సాబు కాడ పదిహేడున్నయ్. నాలుగు తీసేసి, ఆ నాలుగింటి పని చేసే కట్టె ఒక్కటి విలాయత్ కెల్లి తెప్పిచ్చిండు. గది మంచిదా కాదా చూడాలె. సాబుకు భుజం నొస్తాంది, కొట్టలేడు. ఇన్నేండ్లు ఆయన ఎన్కబడి గుండ్లు ఏరి ఏరి నాకు కొట్టుడు అచ్చింది. గట్టి నేల మీదికెల్లి, మొరం మీదికెల్లి, బండి బాట గాడిల నుంచి, అన్నిట్ల నుంచి కొట్టి చూడుమన్నడు. పాత కట్టెల గుండు ఏడ పడ్డదో గాడ ఒక్కొక్క బట్ట కట్టిన, రెండింటివి ఒక్క జాగలనే పడ్డయ్."

"నాకెందుకు చెప్పలే?"

"మాలీగానితోని కొట్టిపిచ్చుకుండని సికింద్రాబాద్ సాబులకు తెలిస్తే నవ్వుతరట. దశరథానికి గూడ తెల్వొద్దన్నడు, బంగళాల పెట్టొద్దన్నడు. ఎవ్వరికీ చెప్పకుంటే నాకు సడకుల ఆఫీసుల చప్రాసీ నౌకరి ఇప్పిస్తనన్నడు. బయట పడితే, నాకు తెల్వదు, నువ్వే దొంగతనం జేసినవని చెప్త అన్నడు."

"నా చీరే ఎందుకు?"

"ఎర్రగ దూరం కనవడ్తది." గోడ మట్టి గిల్లుతూ, "అడిగితే ఇయ్యవనుకున్న" అన్నాడు.

ఇచ్చేదాన్ని.

తర్వాత అడిగాను. అడగవలసింది అదొక్కటే. "నిన్న నేను లేవకుంటే?"

"నేను చెప్పేటోన్నే. నువ్వు తొందరపడ్డవ్."

చెప్పేవాడే.

జూన్ 21

సాబు క్యాంపు నుంచి వచ్చాడు. ఆయన్ని పిలిచి, కట్టె తీసుకొని, ఎట్లా ఉందని ఒక్క మాట అడిగాడట. మంచి కట్టె అని ఈయన చెప్పాడట. సాబు దాన్ని సంచిలో పెట్టుకున్నాడు. పోలీసుల మాట ఎత్తలేదు. నౌకరి మాటా ఎత్తలేదు. మాలీ పని మాత్రం ఉంచాడు. దశరథం పకపకా నవ్వుతూ సికింద్రాబాద్ బట్లర్లకు చెప్పడానికి ఎదురు చూస్తున్నాడట.

ఆయన నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

అత్తమ్మ మాత్రం ఇనుము పోయిందని గోల. కొడవలి తెచ్చుకొని మళ్ళీ మంచం కింద పెట్టింది. "బాణామతి గాకుంటే గాకపోయె, ఇనుముంటే పోయేదేమున్నది" అంటుంది.

జూన్ 23

తలుపు తీస్తే గడప మీద మూడు ఎర్ర పేలికలు. ఉతికి, ఆరబెట్టి, మడిచి ఉన్నాయి. ముడులు వేసిన చోట బట్ట ఇంకా ముడుచుకొనే ఉంది. సైదమ్మ మేకలను తోలుకొని అప్పటికే దూరం పోయింది. పిలుద్దామని నోరు తెరిచాను. గొంతు రాలేదు. మొన్న అంతమందిలో వచ్చింది.

పేలికలను కొంగుకు మళ్ళీ కలిపి కుట్టాను. కుట్టు కనబడుతుంది.

చెప్పేవాడే. దశరథం పోయాక చెబుదామనుకున్నాడేమో. అప్పటికి ఒకటో రెండో పళ్ళు పోయేవి, అంతే కదా.

ఆ పొద్దు కంచె దగ్గర ఇద్దరూ ఎందుకు నవ్వారో మాత్రం నేను అడగలేదు. గుండు ఎక్కడో వింతగా పడి ఉంటుంది.

జూన్ 28

బాపు బండి వచ్చింది. ఎడ్లకు నీళ్ళు పెడుతున్నాడు. రేపు తెల్లవారకముందే బయలుదేరాలి. అత్తమ్మ నా మూటలో కొడవలి కూడా పెట్టింది.

ఇందాక రాస్తుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు. అక్షరాల మీద వేలు పెట్టి, "గింతగనం ఏం రాస్తవే?" అన్నాడు. గొంతు మెత్తగా ఉంది.

"ఏం లేదు" అన్నాను.

ఆయన వేలు తీసి లేచిపోయాడు. ఏం లేనిదాన్ని రాస్తారా అని అడగలేదు. అడగకుండా వెళ్ళాడు.

ఈ పుస్తకాన్ని కోస్గికి తీసుకుపోను. అక్కడ మా తమ్ముడు చదవగలడు. చూరులో పెడుతున్నాను, కట్టె ఉన్న చోటే. ఎవరి చేతికి దొరికినా, తప్పుల రాతకు ముందే క్షమాపణ అడిగాను, ఇప్పుడు ఇంకొకటి అడుగుతాను. ఆయనకు చదివి వినిపించకండి. పొయ్యిలో పెట్టండి. ఆయన చెప్పేవాడే అని ఇందులో మళ్ళీ మళ్ళీ రాశాను. అది నిజమని నాకు తెలిసి ఉంటే ఒక్కసారి రాసి ఊరుకునేదాన్ని.